మార్తమ్మ ఎత్తిన గుమ్మడికాయ

మొన్న దసరాకు ముందు మా అంగళ్ళ వీధిలో, ఒకప్పుడు మా బెల్లం అంగడి ఉన్న చోటికి కాస్త అవతల, ఒక కుర్రవాడు ఫోన్లు బాగుచేసే అంగడి కొత్తగా తెరిచాడు. పొద్దున్నే పూజ ముగించి, బూడిద గుమ్మడికాయ పైభాగం గుండ్రంగా కోసి, ఆ గుంటలో కుంకుమ, పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పోసి, పైన కర్పూరం వెలిగించి, గడప ముందు తిప్పి, నడివీధిలో పగలగొట్టాడు. నేను అప్పుడే పాల పాకెట్టు కోసం కర్ర పట్టుకుని బయటికి వచ్చాను. చల్లటి పచ్చి గుమ్మడి వాసన, కాలిన కర్పూరం వాసన, తడిసిన దుమ్ము వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నాకు గుర్తొచ్చింది మాత్రం ఫినాయిలు. గుమ్మడికాయకూ ఫినాయిలుకూ ఏమి పొత్తు అని అడుగుతారేమో. డెబ్బై ఏళ్ళుగా నా ముక్కులో ఆ రెండూ ఒకే పొట్లంలో ఉన్నాయి. ఆ పొట్లం కట్టినావిడ పేరు మార్తమ్మ.

చింతామణిలో మాది చింతపండూ బెల్లమూ అమ్మే శెట్ల ఇల్లు. ముందు అంగడి, వెనక సంసారం, మధ్యలో ఒక గోనెపట్టా తెర. ఉగాది దాటిందంటే వీధి పొడుగునా చింతపండు మూటలే. ఎండకు మెత్తబడి గోనెసంచుల్లోంచి ఊరే ఆ పులుపు వాసనకు బడినుంచి వచ్చే పిల్లల నోళ్ళలో నీళ్ళు తిరిగేవి. బెల్లం అచ్చుల మీద కందిరీగలు ముసిరితే మా నాయన తోలేవాడు కాదు, అవి వాలిన బెల్లమే మంచి బెల్లమని కొనేవాళ్ళకు చూపించేవాడు. ఆయన పక్కన కూర్చుని నేను అక్షరాలకన్నా ముందు బేరం నేర్చుకున్నాను. కొనేవాడు నాలుగడుగులు పోయి వెనక్కి చూస్తే వాడు మనవాడే, ఊరుకోవచ్చు. చూడకుండా పోతే మనమే పిలవాలి. అన్నిటికన్నా భయపడవలసిన మాట "మీ ఇష్టం, మీరే చూసి ఇయ్యండి" అన్నది. ఆ మాట అన్నవాడి దగ్గర తక్కువ ఇచ్చి బయటపడినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. వీధిలో అందరూ నన్ను బేరాల పాప అనేవారు. అది మెచ్చుకోలనుకుని చాలాకాలం గర్వపడ్డాను.

దేవుళ్ళతోనూ మావాళ్ళది అదే పద్ధతి. గంగమ్మ జాతరకు కాపువాళ్ళు పొట్టేళ్ళు నరికితే, జీవాన్ని చంపని ఇల్లు కనుక మేము దానికి బదులు బూడిద గుమ్మడికాయ కొట్టేవాళ్ళం. మా పెద్దల్లో ఎవరో పూజారిని మధ్యన పెట్టుకుని అమ్మవారితో మాట్లాడి పొట్టేలు నుంచి గుమ్మడికాయకు దించారని మా అవ్వ చెప్పేది. ఆ చెప్పడంలో భక్తి ఎంతో, బేరం గెలిచిన మురిపెమూ అంతే. అంతకుముందు పాళెగాళ్ళ కాలంలో మనిషినే ఇచ్చేవారట. మనిషి నుంచి పొట్టేలుకు, పొట్టేలు నుంచి గుమ్మడికాయకు దిగింది, ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే నిమ్మకాయకు దిగుతుందని మా నాయన నవ్వేవాడు. కార్తీకంలో కోసిన కాయలు, ఒళ్ళంతా విభూతి పూసుకున్న సన్యాసుల్లాగా, మా వంటింటి దూలానికి ఉట్లలో వేలాడేవి. జాతరనాడు ఒబ్బట్ల మీద నెయ్యి, మామిడికాయ చిత్రాన్నం, మిరియాలు వేసిన పానకం, ఆ సందడి మధ్య గడప ముందు పగిలిన కాయ ఎర్రగా నోరు తెరుచుకుని పడి ఉండేది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టకూడదు, దాటకూడదు. ఇంటికి రావలసిన కీడంతా అందులోకి దిగి ఉంటుంది, ముట్టినవాళ్ళకు అంటుకుంటుంది. ఎడ్లబండ్లు కూడా దాన్ని తప్పించి పక్కకు పోయేవి.

నాకు పదేళ్ళప్పుడు, యుద్ధం జరుగుతూ సీమనూనె దొరకని రోజుల్లో, మా అమ్మకు మగబిడ్డ పుట్టాడు. వాడు బాగానే ఉన్నాడు గాని అమ్మకు బాలింత జ్వరం పట్టుకుంది. మంత్రసాని కషాయాలు అయ్యాయి, అవ్వ మొక్కులు అయ్యాయి, తాయెత్తు అయింది. జ్వరం మాత్రం పొద్దుటికి తగ్గినట్టే తగ్గి సాయంత్రానికి మళ్ళీ వచ్చేది. చివరికి నాయన బిడ్డను పిన్నికి అప్పగించి, అమ్మను చిక్కబళ్ళాపురంలో దొరసానుల ఆస్పత్రికి తీసుకుపోదామన్నాడు. బయలుదేరేటప్పుడు అవ్వ ఉట్టిలోంచి ఒక గుమ్మడికాయ దించి పాత చీరముక్కలో చుట్టింది.

"అదెందుకమ్మా, ఆస్పత్రికి?" అన్నాడు నాయన.

"యాడికి పోతే ఆడి దేవునికి ఏదో ఒకటి ఇయ్యాల గదప్పా. చేతులూపుకుంటా పోతే ఎవురు పలుకుతారు?"

అప్పట్లో మా ఊరిమీదుగా చిక్కబళ్ళాపురానికి చిన్న రైలు పోయేది. ఎత్తు వచ్చినచోట అది ఎంత మెల్లగా పోయేదంటే, మగవాళ్ళు దిగి చుట్ట వెలిగించుకుని మళ్ళీ ఎక్కేవారు. బల్ల మీద అమ్మ, ఆమె తల దగ్గర అవ్వ, తలుపు దగ్గర నాయన, ఎదురుగా నేను, నా ఒళ్ళో గుమ్మడికాయ. దాని బూడిద గుడ్డలోంచి రాలి నా లంగా అంతా తెల్లబడింది. శిడ్లఘట్ట దగ్గర పట్టుగూళ్ళు ఉడికే వాసన పెట్టెలోకి వస్తే అమ్మ మొహం తిప్పుకుంది. పక్కన కూర్చున్న ముసలాయన నా ఒడి చూసి, "బిడ్డ ఏడవకుండా ఉండాదే, బలే నిమ్మళం" అన్నాడు.

"బిడ్డ కాదప్పా, బిడ్డ తల్లికి బదులు," అంది అవ్వ.

ఆస్పత్రిలో అన్నిటికన్నా ముందు ఎదురొచ్చేది ఫినాయిలు వాసన. నాకది కొత్త, బెల్లంలాగా పిలవదు, చింతపండులాగా ఊరించదు, ఇక్కడ ఆటలు సాగవన్నట్టు ఉంటుంది. మంచాలన్నీ ఒకే ఎత్తు, దుప్పట్లన్నీ ఒకే తెలుపు, రెడ్డిగారి కోడలికీ కూలిమనిషికీ మధ్య జానెడు సందు. అవ్వ లోపలి నీళ్ళు ముట్టేది కాదు. ఆవరణలో నేరేడు చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి, బావి నీళ్ళు తనే చేదుకుని, తనకూ నాకూ వండేది. నాయన చింతపండు కాలమని రెండోనాడే ఊరికి మళ్ళాడు. అమ్మ దగ్గర పగలంతా ఉండి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, డాక్టరు దొరసాని ఇచ్చిన మాత్రలు మింగించేది మార్తమ్మ. నలభై లోపు మనిషి, చామనఛాయ, వెడల్పాటి అరచేతులు. కన్నడంలో దొరసానితో, తెలుగులో మాతో, ఇంగ్లీషులో సీసాలతో మాట్లాడేది.

అమ్మ మంచానికి ఎదురుగోడ మీద ఒక పటం ఉండేది. కొయ్యకు మేకులు కొట్టిన మనిషి, చేతులు రెండువైపులా చాపి, తల వాల్చి. మా ఇంటి పటాల్లో దేవుళ్ళందరూ నగలు పెట్టుకుని నవ్వుతుంటారు. ఈయన ఒంటిమీద గుడ్డ కూడా సరిగా లేదు. ఇంత పెద్ద ఆస్పత్రి కట్టినవాళ్ళ దేవుడు ఇంత పేదగా ఎందుకున్నాడో నాకు అంతుపట్టలేదు. అవ్వకు అంతుపట్టనిది వేరే.

"ఈయనకు ఏమియ్యాలో కనుక్కోరాపో," అంది నాతో. "నాకైతే ఎక్కువ చెప్తారు. నువ్వు చిన్నదానివి, పైగా బేరం తెలిసినదానివి."

నేను పోయి మార్తమ్మ కొంగు పట్టుకున్నాను. "మార్తమ్మా, మీ దేవునికి ఏమియ్యాల?"

"దేనికి పాపా?"

"మా అమ్మ లేచి నడిచేదానికి."

ఆమె నా తల నిమిరింది. "ఆయనకు ఏమీ అక్కరలే. ఊరికే ఇస్తాడు."

ఆ మాట మోసుకుని చెట్టు కిందికి పరుగెత్తాను. అవ్వ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ విని, పెదవి విరిచింది. "ఊరికే ఇచ్చేవాడు యాడుండాడే ఈ లోకంలో? 'మీరే చూసి ఇయ్యండి' అనే రకం ఇది. మనకు ఊరికే వచ్చిందంటే ఇంకెవురో ఇచ్చుండాల. ఎవురిచ్చినారో, ఏమిచ్చినారో అది కనుక్కో, పో."

తర్వాత ఎంతోమంది పెద్దల మాటలు విన్నాను గాని, మా అవ్వ అడిగినంత సూటిగా ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. మళ్ళీ పోయి మార్తమ్మను అలాగే అడిగాను. ఆమె తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టి పటం వైపు చూసింది.

"ఆయనే ఇచ్చినాడు."

"ఏమిచ్చినాడు?"

"ఆయన్నే."

"తీసుకునేదీ ఆయనే, ఇచ్చేదీ ఆయనేనా? అట్లయితే బేరమెట్ల కుదురుతుంది?"

మార్తమ్మ నవ్వి, నన్ను కిటికీ అరుగు మీద కూర్చోబెట్టింది. "మాది చాకవేలు పక్కన పల్లె. జాతరలో పొట్టేలు నరికేది మా నాయనే. ఒక ఏడు మొక్కుబడి పొట్టేల్ని తెచ్చి మా ఇంటి ముందర కట్టేసినారు. నేనే మేపినా. నా కొంగు నమిలేది, నేను కూసుంటే ఒళ్ళో తల పెట్టేది. జాతరనాడు అది ఎవురు లాగినా కదల్లేదు. నేను పిలిస్తే వచ్చింది. నా వెనకాలే వచ్చిందమ్మా, నరికే చోటిదాకా. ఆ తర్వాత ఎన్నో ఏండ్లకు దొరసాని మా పల్లెకు వచ్చి కత చెప్తే, అంతా నాకు అర్థం కాలేదు గాని ఒక మాట పట్టుకున్నా. ఇంక ఎవుర్నీ పిలుచుకొని పోయే పని లేదు, ఆఖరుది నేనే అన్నాడంట ఆయన. మా పుస్తకంలో ఆయన్ని గొర్రెపిల్ల అనే అంటారు."

నేను ఆ రాత్రి అన్నం తింటూ లెక్క వేసుకున్నాను. మనిషికి బదులు పొట్టేలు, పొట్టేలుకు బదులు గుమ్మడికాయ: బదులు అన్నది ఎప్పుడూ కిందికే దిగుతుంది, అదే కదా బదులులోని లాభం. వీళ్ళేమిటి, గుమ్మడికాయకూ పొట్టేలుకూ మనిషికీ కలిపి బదులుగా దేవుణ్ణే పెట్టారు? ఇంత ఎదురు బేరం ఏ అంగడిలోనూ చూడలేదు. దాన్ని ఎంత తిప్పినా దాని అడుగు నాకు కనిపించలేదు.

గురువారం అమ్మకు జ్వరం పెరిగింది. నన్ను చూసి మా పిన్ని పేరుతో పిలిచింది. దొరసాని మంచం దగ్గర చాలాసేపు నిలబడి, మార్తమ్మతో మెల్లగా ఏదో చెప్పి వెళ్ళింది. అవ్వ బయటికి నడిచింది. చెట్టు కింద కూర్చుని చీరముక్క విప్పి గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు శుక్రవారం. ఆవరణ చివర ఉన్న వాళ్ళ గుడిలో గంట కొట్టలేదు. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు మాట్లాడకుండా వచ్చి లోపలికి పోయారు. మధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా ఉండగా అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆ గుడి మెట్ల దగ్గరికి నడిచింది. చాకుతో కాయ పైభాగం కోసి, కుంకుమనీళ్ళు పోసి, కర్పూరం వెలిగించి, అమ్మ ఉన్న దిక్కుకు తిప్పి, "అందరి మాదిరే నువ్వూ తీసుకోప్పా, మా కోడల్ని వదిలిపెట్టు" అని సున్నం కొట్టిన మెట్ల మీద వేసి కొట్టింది. ఆ చప్పుడుకు లోపలి పాట ఆగిపోయింది.

వాళ్ళకు అది ఏ రోజో మాకు తెలియదు. ఏడాదిలో ఒక్క రోజు, వాళ్ళ దేవుడు నెత్తురు చిందించిన రోజు అని తలలు వంచుకుని కూర్చున్నవాళ్ళు, తలుపు తీసి చూస్తే తెల్లటి మెట్ల మీదినుంచి ఎర్రగా కారుతోంది. కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకరు ఎవరి పని ఇది అని కన్నడంలో గద్దించాడు. ఎవరికీ మాట బాకీ పడని మా అవ్వ ఆ రోజు నా వెనక్కి జరిగింది. పాదిరి గడపలో నిలబడి మెట్లనూ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు వెనకనుంచి మార్తమ్మ వచ్చింది. కూర్చుని, కొంగు పరిచి, ముక్కలు ఒక్కొక్కటే వట్టి చేతులతో ఏరి అందులో వేసుకోసాగింది.

అవ్వ ఒక్క అడుగున ముందుకు వచ్చింది. "ముట్టొద్దు తల్లీ, ముట్టొద్దు. అది మా కోడలి కీడు. నీకు తగులుతాది."

మార్తమ్మ తల ఎత్తకుండా, "తగిలితే నాకే తగలనీలేమ్మా. మీ కోడలికి వదిల్తే చాలు గదా," అంది.

ఆమె ముంజేతుల దాకా ఎర్రగా కారింది. ముక్కలన్నీ ఎత్తాక బకెట్టుతో ఫినాయిలు నీళ్ళు తెచ్చి మెట్లు కడిగింది. కోటాయన లోపలికి పోయాడు. పాట మళ్ళీ మొదలైంది.

శనివారం పొద్దున అమ్మ ఒళ్ళు చల్లబడింది. గంజి అడిగింది, నా జడ ఎవరు వేశారని అడిగింది. అవ్వ ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేను ఆ సంగతి చెబుదామని మార్తమ్మ కోసం వరండా అంతా వెతికాను. ఆమె రాలేదు. ఊడ్చే ఆమెను అడిగితే, "ఇంట్లో పండుకొనుండాదంట, లేవలేదంట" అంది.

జ్వరం ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. అమ్మ బతికిన బేరం అది. మా ఏడు తరాల్లో ఇంత లాభం ఎవరూ చూసి ఉండరు. అయినా నాకు నచ్చలేదు. లాభం వచ్చిన బేరం నచ్చకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి, అది ఏమి జబ్బో కూడా నాకు తెలియలేదు. అవ్వకు చెబితే, "వద్దని చెప్పినా గదే నేను," అని గట్టిగా అని, ఆ పూట తను అన్నం తినలేదు.

సాయంత్రం ఎవరూ చూడకుండా పటం ముందు నిలబడ్డాను. మార్తమ్మకు పోయినదాంట్లో కొంచెం నాకు ఇవ్వమని అడిగాను. ఎక్కువ వద్దు, రెండు రోజుల జ్వరం చాలు, పరీక్షలు అయిపోయాయి కనుక నాకేమీ నష్టం లేదు అని కూడా చెప్పాను. దానికి బదులు ఏమిస్తావని ఆయన అడగలేదు. అడగకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది. ఆయన అలా చేతులు చాపి ఎందుకున్నాడో మొదటిసారి అడగాలనిపించలేదు. ఎవరిదో కీడు ఎత్తుకునేవాడి చేతులు ఎలా ఉంటాయో నిన్న చూశాను కదా.

ఆదివారం తెల్లవారకముందే గుడి గంట మోగింది. పొద్దెక్కేసరికి మార్తమ్మ తెల్లచీర కట్టుకుని, తల్లో మల్లెపూలు పెట్టుకుని, నవ్వుతూ వరండాలోకి వచ్చింది. నేను పరుగెత్తిపోయి ఆమె మణికట్టు పట్టుకున్నాను, నుదురు తాకి చూశాను.

"ఏమే, నాడి చూస్తాండావు? డాక్టరమ్మవు ఎప్పుడైనావు?"

"నీకు తగల్లేదా?"

"ఏంది తగిలేది?"

"గుమ్మడికాయ."

ఆమె నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. "ఉపాసముండి, రెండు పొద్దుల పని చేసినా. పండుకుంటే లేవలేకపోయినా, అంతేలే. నిన్నంతా దీనికే ఎదురు చూస్తాండినావా?" అని నన్ను దగ్గరికి తీసుకుంది. ఆమె చేతులకు ఇంకా ఫినాయిలు వాసన, తల్లో మల్లెల వాసన.

అవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది. "నీకు ఏమియ్యాలో చెప్పు తల్లీ. ఊరికే అనొద్దు. ఊరికే అంటే నాకు నిద్ర రాదు."

మార్తమ్మ ఆలోచించి, మూల కుండలోంచి చెంబు నిండా నీళ్ళు ముంచి చాపింది. "అయితే ఇవి తాగు."

అవ్వ చెంబు వైపు చూసింది, బయట నేరేడు చెట్టు వైపు చూసింది, నా వైపు చూసింది. "సగం చాలు," అంది.

"బేరం లేదమ్మా."

అవ్వ చెంబు ఎత్తి, మధ్యలో ఆపకుండా, చివరి చుక్కదాకా తాగింది. పైట చెంగుతో మూతి తుడుచుకుని, "ఇంట్లో చెప్పొద్దే," అంది నాతో. ఇంతకాలం చెప్పలేదు.

అమ్మ జ్వరాన్ని దించింది దొరసాని కొత్త మాత్రలని తర్వాత తెలుసుకున్నాను. నేను శెట్ల పిల్లను, ఎవరికి రావలసింది వాళ్ళకు ఇస్తాను. మేము ఊరికి వచ్చేశాం, తర్వాతి జాతరకు ఎప్పటిలాగే గుమ్మడికాయ కొట్టాం. అవ్వలాగే నేను కూడా చాలా ఏళ్ళు సగం చెంబే అడిగాను. ఆ పటంలో ఆయన బలికి అర్థం ఒప్పుకుంటాను, అది నాకోసమని మాత్రం ఒప్పుకోను అని. ఇతరులకు ఇచ్చినదాన్ని మెచ్చుకోవడం సులువు, మనకు ఇచ్చినదాన్ని తీసుకోవడమే కష్టం. బేరమాడి పెరిగినవాళ్ళకు మరీ కష్టం. మా ఆయన పోయిన ఏడు, ఇవ్వడానికీ అడగడానికీ నా దగ్గర ఏమీ మిగలనప్పుడు, అలాంటి శుక్రవారమే ఒకటి చూసుకుని చిక్కబళ్ళాపురం పోయి ఆ గుడిలో వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు ఊరికే తీసుకున్నాను. అప్పటినుంచి ఏటా పోతున్నాను. నన్ను వాళ్ళలో చేర్చుకున్నట్టేనా కాదా అని పాదిరిని అడగలేదు, ఎక్కడ ధర చెబుతాడోనని.

ఆ చిన్న రైలు ఇప్పుడు లేదు. నేరేడు చెట్టు లేదు, సున్నపు మెట్ల మీద నున్నటి రాళ్ళు పరిచారు. దూలాలే లేని ఇళ్ళలో గుమ్మడికాయలు వేలాడే చోటు లేదు; పండగ ముందురోజు లారీల్లో వస్తాయి. చింతపండు పులుపు వీధిలో ఎప్పుడో ఆరిపోయింది. మార్తమ్మ ఏ ఏట పోయిందో, ఎక్కడ పెట్టారో, అడిగితే చెప్పేవాళ్ళు దొరకలేదు.

మొన్న పగిలిన కాయ చుట్టూ బండ్లు తప్పుకుంటూ పోతున్నాయి. స్కూటరు మీద పోతున్న అమ్మాయి ఒకతె ఆ తడిలో జారి, కాలు ఆనించి, ఎలాగో నిలదొక్కుకుంది. నేను కర్ర గోడకు ఆనించి, వంగి, ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. అంగడి కుర్రవాడు పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ముట్టుకోవద్దు. అది దిష్టికాయ. నీకు తగులుతాది."

"తగిలితే నాకే తగలనీలేప్పా. బండ్లు జారతాండాయి."

వాడు కాసేపు నా చేతుల వైపు చూసి, లోపలికి పోయి బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. వాటిలో ఫినాయిలు కలిపాడో లేదో నాకు తెలియదు. వాసన మాత్రం వచ్చింది.